క్యాంపస్ బయట ఇ-వనరులు, కేటలాగులో తెలుగు వెతుకులాట: గ్రంథాలయ ప్రాజెక్టు డైరీ

జూన్ 2025: ఉన్నదేమిటి, అందనిదేమిటి

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఈ పని నడుస్తోంది. జర్నళ్లకు ఇప్పుడు కొరత లేదు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకూ, కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ వస్తున్నాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం పనిచేసే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది.

కొరతంతా దారిలోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకుని ఉంటున్న పరిశోధక విద్యార్థి రాత్రి పదింటికి ఫోన్‌లో వ్యాసం లింకు నొక్కితే డాలర్లలో ధర కనిపిస్తుంది. అదే వ్యాసం పగలు రీడింగ్ హాల్లో ఇబ్బంది లేకుండా తెరుచుకుంటుంది. తెలుగు పుస్తకాలది ఇంకో సమస్య. తెలుగు లిపిలో 'చరిత్ర' అని కొడితే కేటలాగు సున్నా ఫలితాలు చూపిస్తుంది, పుస్తకాలేమో బీరువాల నిండా ఉన్నాయి.

అందుకే లక్ష్యాలు రెండే పెట్టుకున్నాం. ఒకటి, ఇంటి నుంచి ఫోన్‌లో రోల్ నంబరుతో లాగిన్ అయితే పూర్తి పాఠం రావాలి. రెండు, తెలుగులో ఎలా రాసి వెతికినా తెలుగు పుస్తకం దొరకాలి. వాడుతున్నవి: కేటలాగుకు కోహా, సిద్ధాంత గ్రంథాలకు (పీహెచ్‌డీ పరిశోధన గ్రంథాలు) డీస్పేస్, లాగిన్‌కు షిబ్బొలెత్, ఆ లాగిన్ పద్ధతి లేని వెబ్‌సైట్ల కోసం ఈజీప్రాక్సీ.

జూన్: జాబితా పట్టిక

ఏ సాఫ్ట్‌వేర్ జోలికీ పోకముందు జాబితా కావాలి. మనకు ఏ జర్నల్ ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా తెరుచుకుంటుందో చెప్పగలిగే పట్టిక ఒక్కటే ఉండాలి. ప్రచురణకర్తలు కేబార్ట్ పద్ధతిలో (జర్నళ్ల జాబితాలకు వాడే ఉమ్మడి నమూనా) ఇచ్చే ఫైళ్లు తీసుకున్నాం. అందులో పత్రిక పేరు, ముద్రిత ఐఎస్ఎస్ఎన్ (పత్రికను గుర్తించే ఎనిమిది స్థానాల సంఖ్య), ఆన్‌లైన్ ఐఎస్ఎస్ఎన్, మొదటి సంచిక తేదీ, చివరి సంచిక తేదీ, లింకు, ఎంబార్గో (ఏ సంవత్సరాలు తెరుచుకోవో చెప్పే షరతు) గడులు ఉంటాయి. ఎంబార్గో గడిని జాగ్రత్తగా చదవాలి. 'పీ1వై' అంటే తాజా ఒక్క సంవత్సరం తప్ప మిగతాదంతా ఉంది. 'ఆర్10వై' అంటే తాజా పదేళ్లు మాత్రమే ఉన్నాయి. ఈ రెంటినీ ఒకదానికొకటి తారుమారుగా ఎక్కిస్తే విద్యార్థికి ఉన్న వ్యాసం లేదనీ, లేనిది ఉందనీ చెప్పినట్టవుతుంది.

ఈ ఫైళ్లను ఎక్సెల్‌లో డబుల్ క్లిక్‌తో తెరవకూడదు. హైఫన్ లేని ఐఎస్ఎస్ఎన్ ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) 9.78 అని కుదించుకుపోతుంది. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా మారతాయి. డేటా ట్యాబ్‌లోంచి టెక్స్ట్ ఫైల్‌గా దిగుమతి చేసుకుని, యూటీఎఫ్-8 అనే అక్షర కోడు ఎంచుకుని, సంఖ్యల గడులన్నిటికీ 'టెక్స్ట్' అని చెప్పాక మాత్రమే తెరవాలి.

ఐఎస్ఎస్ఎన్ సరైనదో కాదో చివరి అంకె చెబుతుంది. ఉదాహరణకు 0378-5955. మొదటి ఏడంకెల్ని వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే 160 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 6. 11లోంచి 6 తీస్తే 5, అదే చివరి అంకె. శేషం సున్నా అయితే చివరి అంకె కూడా సున్నాయే. తీసివేతలో 10 వస్తే 'ఎక్స్' రాస్తారు. ఈ సూత్రం ఒక గడిలో పెట్టి కిందిదాకా లాగితే తప్పు నంబర్లు అప్పటికప్పుడే బయటపడతాయి. ఐఎస్ఎస్ఎన్ తప్పయితే తర్వాత కేటలాగులో లింకు, వాడకం లెక్క రెండూ తప్పుతాయి కాబట్టి ఈ పని వాయిదా వేయదగింది కాదు.

పథకంలో ఇప్పటికే వస్తున్న జర్నల్‌కు గ్రంథాలయం విడిగా చందా కడుతోందా అన్నది కూడా ఈ పట్టికే పట్టిస్తుంది. పేరుతో పోల్చితే దొరకదు, జర్నళ్లు పేర్లు మార్చుకుంటాయి. ఆన్‌లైన్ ఐఎస్ఎస్ఎన్‌తోనే పోల్చాలి. చందా ఆపే ముందు పాత సంచికలపై శాశ్వత హక్కు ఉందా అని ఒప్పంద పత్రం చూసుకోవాలి.

జూలై: ఐపీ చిరునామాల లెక్క

క్యాంపస్‌లో ఉన్నప్పుడు తెరుచుకోవడానికి కారణం ఐపీ గుర్తింపు. మన పబ్లిక్ ఐపీ శ్రేణి ప్రచురణకర్త దగ్గర నమోదై ఉంటుంది, ఆ చిరునామా నుంచి వచ్చినవాళ్లందరినీ మనవాళ్లుగా చూస్తారు. ఈ పద్ధతిలో చెడిపోయేవి మూడు.

మొదటిది, 10తోనో 192.168తోనో మొదలయ్యే లోపలి చిరునామాలు రాసి పంపడం. వాటికి బయట అర్థం లేదు. నెట్‌వర్క్ విభాగం నుంచి ఫైర్‌వాల్ బయటి వైపు చిరునామాలు రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెండోది, రెండో ఇంటర్నెట్ లైను. వానాకాలంలో నాలా పనులకో కేబుళ్లకో రోడ్డు తవ్వితే ఫైబర్ తెగుతుంది. వెంటనే ట్రాఫిక్ ఇంకో సంస్థ లైనుకు మారుతుంది. ఇంటర్నెట్ ఆగలేదు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ ఆ లైను ఐపీ నమోదై ఉండదు, జర్నళ్లన్నీ ఒక్కసారిగా మూతపడతాయి. బ్యాకప్ లైనుకు కూడా స్థిర ఐపీ తీసుకుని, రెండు శ్రేణులనూ అందరి దగ్గరా నమోదు చేయించాలి.

మూడోది తొందరగా అంతు చిక్కదు. వై-ఫైలో ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామా) నడుస్తుంటే ఫోన్లు ముందు దాన్నే వాడతాయి. నమోదైంది పాత తరం ఐపీవీ4 మాత్రమే అయితే, ఐపీవీ6 ఉన్న ప్రచురణకర్త సైటు ఫోన్‌లో మూసుకుని ఉంటుంది, పక్కనే ఉన్న పాత డెస్క్‌టాప్‌లో తెరుచుకుంటుంది. విద్యార్థి 'ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు' అంటే ముందు చూడాల్సింది ఇదే. ఐపీవీ6 శ్రేణిని కూడా నమోదు చేయించడమే విరుగుడు.

జూలై - ఆగస్టు: ఇంటి నుంచి లాగిన్

ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ సమాఖ్యలో (సంస్థల లాగిన్‌లను ప్రచురణకర్తలు నమ్మేలా కలిపే ఏర్పాటు) చేరితే షిబ్బొలెత్ లాగిన్ వస్తుంది. విద్యార్థి ప్రచురణకర్త సైటులో 'సంస్థ ద్వారా లాగిన్' నొక్కి విశ్వవిద్యాలయం పేరు ఎంచుకుంటాడు. మన లాగిన్ పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ మన సర్వర్‌కే ఇస్తాడు. మన సర్వర్ 'ఈయన మా సభ్యుడే' అని సంతకం చేసిన సందేశం పంపుతుంది. పాస్‌వర్డ్ బయటికి పోదు.

ఆ సందేశంలో ఏమేం పంపాలో మనమే నిర్ణయిస్తాం. పేరు, ఫోన్, ఈమెయిల్ ఏవీ అక్కర్లేదు. విశ్వవిద్యాలయ సభ్యుడు అనే హోదా, ఆ ప్రచురణకర్తకు మాత్రమే పనికొచ్చే ఒక మారుపేరు గుర్తు, కొందరు అడిగే 'కామన్ లైబ్ టర్మ్స్' అనే హక్కు విలువ, ఈ మూడూ చాలు. విద్యార్థి ఏం చదువుతున్నాడన్నది అతని పేరుతో కలిసి బయటి కంపెనీ దగ్గర పోగుపడకూడదు. ఈ విషయంలో గ్రంథాలయం పట్టుగా ఉండాలి. ఎక్కువ అడిగే సంస్థకు ఎందుకు కావాలో రాసి ఇమ్మనాలి.

లాగిన్ చెడిపోయే కారణాల్లో ముందు గడియారం చూడాలి. సందేశానికి కాలపరిమితి ఉంటుంది, షిబ్బొలెత్ మామూలుగా 3 నిమిషాల తేడా వరకే ఓర్చుకుంటుంది. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండగా దానికి భారతీయ సమయం చేత్తో పెడితే అయిదున్నర గంటల తేడా వస్తుంది. అప్పుడు పాస్‌వర్డ్ సరైనదే అయినా ప్రతి లాగిన్‌నూ అవతలి వైపు తిరస్కరిస్తారు. గడియారాన్ని నెట్ ద్వారా సరిచేసే ఎన్‌టీపీ పెట్టి సమయాన్ని దానికే వదిలేయాలి. తర్వాతిది సంతకపు సర్టిఫికెట్ గడువు. దాన్ని మారిస్తే సమాఖ్య దగ్గర మన సర్వర్ వివరాలుండే మెటాడేటా కూడా మారాలి, అది అందరికీ చేరే వరకు పాతదీ కొత్తదీ రెండూ ఉంచాలి.

ఖాతాల జాబితా అడ్మిషన్ విభాగం నుంచి వస్తుంది. రోల్ నంబరు చివర కనపడని ఖాళీ, పెద్దక్షరం చిన్నక్షరం తేడా, రెండుసార్లు నమోదైన పేర్లు ఎక్కించేముందే ఏరేయాలి. ప్రతి ఖాతాకూ ముగింపు తేదీ ఉండాలి. చాలా ఒప్పందాల్లో పూర్వ విద్యార్థులకు దూరం నుంచి చదివే హక్కు లేదు. పాస్‌వర్డ్ మర్చిపోతే మొబైల్‌కు ఓటీపీ వస్తుంది. నంబరు మారినవాళ్లకు ఓటీపీ రాదు కాబట్టి, గుర్తింపు కార్డు చూసి మార్చే ఏర్పాటు సర్క్యులేషన్ కౌంటర్‌లో పెట్టాం.

ఆగస్టు: ప్రాక్సీ

షిబ్బొలెత్ లేని డేటాబేసులు ఇంకా ఉన్నాయి. వాటికి ఈజీప్రాక్సీ. విద్యార్థి కోరిన పేజీని మన సర్వర్ తెచ్చి ఇస్తుంది, ప్రచురణకర్తకు మన ఐపీ కనిపిస్తుంది. ప్రతి సైటు పేరునూ మన డొమైన్ కింద ఒక ఉపనామంగా మార్చి చూపే పద్ధతి ఎంచుకున్నాం. దీనికి డీఎన్ఎస్‌లో (సైటు పేర్లను ఐపీలతో ముడివేసే పట్టిక) అన్ని ఉపనామాలకూ వర్తించే నక్షత్రం గుర్తు నమోదు, దానికి సరిపడే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ రెండూ తప్పనిసరి. ఒక్కో సైటుకు ఒక్కో పోర్టు ఇచ్చే పద్ధతి సులువే కానీ, హాస్టళ్లు, ఆఫీసుల ఫైర్‌వాళ్లు ఆ పోర్టుల్ని ఆపేస్తాయి.

కాన్ఫిగరేషన్ ఫైల్లో ప్రతి వనరుకూ ఒక భాగం: పేరు, మొదటి లింకు, అనుమతించే హోస్టులు, డొమైన్లు. ఎక్కువగా వచ్చే ఫిర్యాదు 'వ్యాసం పేజీ తెరుచుకుంటుంది, పీడీఎఫ్ మాత్రం రాదు.' కారణం, పీడీఎఫ్ ఇంకో హోస్టు నుంచి వస్తోంది, ఆ పేరు మన ఫైల్లో లేదు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే ప్రాక్సీ పేరు తగలని హోస్టు కనబడుతుంది, దాన్ని చేర్చాలి. కొత్త సైట్లు చేర్చే కొద్దీ వర్చువల్ హోస్టుల పరిమితి కూడా పెంచాలి. మొదట ఉండే 200 తొందరగానే నిండుతుంది.

ప్రాక్సీతో అసలు ప్రమాదం దొంగిలించిన ఖాతా. ఒక్క పాస్‌వర్డ్ బయటపడితే ఎవరో వేలకొద్దీ పీడీఎఫ్‌లు తోడేస్తారు. ప్రచురణకర్త ప్రాక్సీ ఐపీని ఆపేస్తారు, దాంతో అందరికీ మూసుకుంటుంది. కాబట్టి ఖాతాకు 15 నిమిషాల్లో 100 ఎంబీ పరిమితి పెట్టాం, దాటితే ఆ ఖాతా తాత్కాలికంగా ఆగుతుంది. స్కాన్ చేసిన పాత సంచికలు చదివే చరిత్ర విద్యార్థులకు ఈ పరిమితి ఇరుకవుతుంది, వాళ్లడిగితే పెంచుతాం. లాగ్‌లో ఖాతా పేరు ఉంటుంది కాబట్టి 90 రోజుల తర్వాత చెరిపేస్తాం.

సెప్టెంబర్: కేటలాగులో లింకులు

కోహా 1999లో న్యూజిలాండ్‌లో పుట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇ-వనరు లింకు మార్క్ (కేటలాగు రికార్డుల ప్రామాణిక రూపం) 856 క్షేత్రంలో ఉంటుంది. మొదటి సూచిక 4, రెండో సూచిక వనరు అదే అయితే 0, ముద్రిత పుస్తకానికి ఎలక్ట్రానిక్ ప్రతి అయితే 1, సంబంధించిన ఇంకోటైతే 2. 'యు' ఉపక్షేత్రంలో లింకు, 'వై'లో విద్యార్థికి కనబడే మాట, 'జెడ్'లో గమనిక. 'ఇక్కడ నొక్కండి' అని రాయకుండా 'పూర్తి పాఠం, 1998 నుంచి' అని రాస్తే ఉపయోగం.

ప్రాక్సీ చిరునామాను 856లో కలిపి రాయకూడదు. సర్వర్ పేరు మారిన రోజున వేల రికార్డులు దిద్దాల్సి వస్తుంది. రికార్డులో అసలు లింకే ఉంచి, ఓపాక్‌లో (విద్యార్థులు వెతికే కేటలాగు తెర) చూపించేటప్పుడు ప్రాక్సీ ముందుభాగం తగిలించాలి. డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తు) ఉంటే లింకుకు అదే వాడాలి, ప్రచురణకర్త సైటు మారినా అది నిలుస్తుంది.

విరిగిన లింకులు చూడటానికి కోహాలోనే స్క్రిప్టు ఉంది, రాత్రిపూట క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులు నడిపే ఏర్పాటు) నడుస్తుంది. దాని నివేదికను పూర్తిగా నమ్మలేం. కొన్ని సైట్లు స్క్రిప్టును రోబో అనుకుని 403 (అనుమతి లేదు) ఇస్తాయి, లింకు బాగానే ఉంటుంది. కొన్ని 200 (అంతా బాగుంది) ఇచ్చి పేజీలో 'దొరకలేదు' అని రాస్తాయి, లింకు పోయినట్టే. ఈ రెండు రకాలూ మనిషి నొక్కి చూడాల్సిందే.

గూగుల్ స్కాలర్‌లోనే వెతికేవాళ్లకు సెట్టింగ్స్‌లో 'లైబ్రరీ లింక్స్' దగ్గర విశ్వవిద్యాలయం పేరు ఎంచుకోమని చెప్పాలి. వ్యాసం పక్కనే మన లింకు కనిపిస్తుంది. దీనికి కూడా కేబార్ట్ పట్టికలోని సంవత్సరాలే ఆధారం.

అక్టోబర్ - నవంబర్: తెలుగు వెతుకులాట

ఈ ప్రాజెక్టులో మనసు పెట్టి చేసిన పని ఇది. తెలుగు రికార్డులు రోమన్ లిపిలో ఉండటం హైదరాబాద్ గ్రంథాలయాలన్నిటికీ తెలిసిన బాధ. పాత రికార్డులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో రోమన్‌లో ఉన్నాయి. ఆ పద్ధతిలో చ అక్షరానికి ఒక్క 'సి', ఛ అక్షరానికి 'సిహెచ్'. మన విద్యార్థి 'చరిత్ర'ను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేటప్పుడు 'సిహెచ్' అనే కొడతాడు. అందుకే తెలుగు లిపిలో వెతికినా, ఇంగ్లిష్ లిపిలో వెతికినా దొరకడం లేదు.

పరిష్కారం మార్క్‌లోని 880 క్షేత్రం. 245లో రోమన్ శీర్షిక ఉంచి, 880లో తెలుగు లిపి శీర్షిక పెట్టి, రెండింటినీ '6' ఉపక్షేత్రంతో ముడివేయాలి. శీర్షిక, రచయిత, ప్రచురణ, గ్రంథమాల క్షేత్రాలన్నిటికీ ఇలాగే. వేల రికార్డులకు చేత్తో కొట్టడం కుదరదు కాబట్టి యూనికోడ్ లిపుల కోసం ఉన్న ఐసీయూ అనే సాఫ్ట్‌వేర్‌లోని లాటిన్-తెలుగు లిపి మార్పిడి వాడాం. అది ముక్కుకు సూటిగా మారుస్తుంది, ఆపైన దిద్దాల్సినవి దిద్దాలి.

ముఖ్యమైన దిద్దుబాటు అనుస్వారం. కాంగ్రెస్ పద్ధతిలో క వర్గానికి ముందు అనుస్వారాన్ని ఙ గుర్తుతో, చ వర్గానికి ముందు ఞ గుర్తుతో, త వర్గానికి ముందు న గుర్తుతో రాస్తారు. నేరుగా మారిస్తే గంగ కాస్తా 'గఙ్గ' అవుతుంది, పంచ 'పఞ్చ', ఆంధ్ర 'ఆన్ధ్ర' అవుతాయి. కాబట్టి అనునాసికం వెంట అదే వర్గంలోని మొదటి నాలుగు అక్షరాల్లో ఏదైనా వస్తే దాన్ని సున్నాగా మార్చే నియమం రాశాం. అయిదో అక్షరానికి ఈ నియమం తగలకూడదు. తగిలితే అన్న 'అంన' అయిపోతుంది, అమ్మ 'అంమ'.

ఈ మార్పిడి పైగీతలు, కింది చుక్కలు మిగిలి ఉన్న రికార్డులకే పనిచేస్తుంది. ఎప్పుడో సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఆ గుర్తులు రాలిపోయిన రికార్డుల్లో కల, కాల ఒకటైపోయాయి. త, ట ఒకటైపోయాయి. యంత్రానికి వాటిని విడదీసే దారి లేదు. ఆ పుస్తకాలు అరలోంచి తీసి శీర్షిక పుట చూసి కొట్టడమే. రికార్డుల్ని రెండు గుంపులు చేయడానికి ఒక వడపోత చాలు: శీర్షికలో ఒక్క పైగీతైనా ఉందా లేదా. పొడవైన తెలుగు శీర్షికలో ఒక్క దీర్ఘమూ లేకపోవడం అరుదు.

ఇక సూచీ. కోహాలోని జీబ్రా (వెతుకులాట సూచీ కట్టే భాగం) మొదట 'సీహెచ్ఆర్' పద్ధతిలో ఉంటుంది, అది తెలుగుకు పనికిరాదు. 'ఐసీయూ'కు మార్చి, పదాల ఫైలు, పదబంధాల ఫైలు రెండింట్లోనూ నియమాలు చేర్చి, మొత్తం సూచీని మళ్లీ కట్టాలి. ఒక ఫైలు మార్చి ఇంకోటి వదిలేస్తే మామూలు వెతుకులాట పనిచేసి, శీర్షికతో మొదలయ్యే వెతుకులాట మాత్రం చెడుతుంది. మేము చేర్చిన నియమాలు:

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో మధ్యన కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒకరు పెట్టి కొడతారు, ఇంకొకరు పెట్టకుండా కొడతారు. ఐసీయూ ఫైల్లో ముందే ఉన్న 'కంట్రోల్' అక్షరాల తొలగింపు దీన్ని తీయదు, ఎందుకంటే యూనికోడ్‌లో ఇది 'ఫార్మాట్' తరగతి. దాన్నీ, దాని తోడు జాయినర్‌నీ పేరుపెట్టి తీసేయాలి.

ఐత్వం గుర్తును కొన్ని పాత కీబోర్డులు రెండు ముక్కలుగా కొడతాయి. కంటికి ఒకేలా ఉంటుంది, సూచీకి వేరు. అన్నిటికంటే ముందు ఎన్ఎఫ్‌సీ రూపానికి (ముక్కల్ని ఒకే కోడుగా కలిపే యూనికోడ్ రూపం) తెస్తే ఒకటవుతుంది.

అరసున్న తీసేయాలి, అప్పుడు తెలుఁగు, తెలుగు కలుస్తాయి. బండి ఱను రగా చూడాలి, చెఱువు, చెరువు కలుస్తాయి. పదం చివరి 'ము'ను సున్నాగా చూడాలి, పాత పుస్తకాల గ్రంథాలయము నేటి గ్రంథాలయంతో కలుస్తుంది. ఇది పదం చివర మాత్రమే, ఇంకెక్కడైనా తగిలితే ముత్యం కూడా చెడుతుంది.

థ, ధ కలపాలా వద్దా అన్నదానిపై బాగా ఆలోచించాం. గ్రంథాలయాన్ని గ్రంధాలయం అనీ, కథను కధ అనీ రాసేవాళ్లు ఎందరో. కలిపితే అర్థం, అర్ధం కూడా ఒకటవుతాయి. సూచీలో కలిపేశాం. నాలుగు అదనపు ఫలితాలు వచ్చినా చూసి పక్కన పెట్టవచ్చు, ఫలితమే రాకపోతే పుస్తకం లేదనుకుని వెళ్లిపోతారు. ఈ మార్పులన్నీ సూచీకే. రికార్డులో శీర్షిక పుటపై ఉన్నదే యథాతథంగా ఉంటుంది, అరసున్న, బండి ఱ సహా.

సమాసాలకు ఇంకా సరైన దారి లేదు. గ్రంథాలయశాస్త్రం అని కలిపి రాసిన శీర్షికలో 'శాస్త్రం' అని వెతికితే రాదు. అలాంటి శీర్షికలకు 246 క్షేత్రంలో (శీర్షిక మారురూపాల చోటు) విడగొట్టిన రూపం అదనంగా ఇస్తున్నాం.

హైదరాబాద్‌లో ఉర్దూ పుస్తకాలు లేని పాత గ్రంథాలయం అరుదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. ఉర్దూలో యే, కాఫ్ అక్షరాలు అరబ్బీ కీబోర్డుతో కొడితే ఒక కోడు, ఉర్దూ కీబోర్డుతో కొడితే ఇంకో కోడు. సూచీలో రెంటినీ ఒకటి చేయాలి. 880లో కుడి నుంచి ఎడమకు అని చెప్పే 'ఆర్' గుర్తు మర్చిపోతే విరామ చిహ్నాలు తారుమారై కనిపిస్తాయి.

నవంబర్: పాత సిద్ధాంత గ్రంథాలు

డీస్పేస్‌లో ఎక్కించిన తెలుగు పీహెచ్‌డీ గ్రంథాల్లో చాలావరకు యూనికోడ్‌కు ముందటి అను ఫాంట్లతో టైపు చేసినవి. తెర మీద చక్కటి తెలుగు. కాపీ చేసి వేరేచోట అతికిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. డీస్పేస్ ఆ చెత్తనే పూర్తి పాఠంగా సూచీ కడుతుంది. కాబట్టి పాత పాఠపు పొరను తీసేసి, పుటను బొమ్మగా మార్చి, టెసరాక్ట్ తెలుగు డేటాతో మళ్లీ ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తించడం) చేయాలి. ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ప్రోగ్రాంలో తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషలూ ఇచ్చి 'ఫోర్స్ ఓసీఆర్' పెడితే ఈ పనంతా ఒకేసారి అవుతుంది. 'ఫోర్స్' పెట్టకపోతే పాఠం ఉన్న పుట చూడగానే ఆగిపోతుంది.

స్కానింగ్‌కు 300 డీపీఐ, గ్రేస్కేల్. నలుపు-తెలుపులో స్కాన్ చేస్తే వత్తులు పై అక్షరానికి అతుక్కుంటాయి, తలకట్లు రాలిపోతాయి. పుట కొంచెం వంకరగా ఉన్నా కింది వత్తులు కింది పంక్తిలోకి పోతాయి కాబట్టి డీస్క్యూ (వంకర సరిచేయడం) తప్పనిసరి. ఓసీఆర్ పాఠాన్ని వెతకడానికే వాడాలి, ఉటంకింపుకు పుట బొమ్మ చూడమని ప్రతి రికార్డులో గమనిక పెట్టాం.

శోధగంగకు (భారతీయ సిద్ధాంత గ్రంథాల జాతీయ భాండాగారం) పంపేవాటికి అధ్యాయానికొక పీడీఎఫ్ చొప్పున వరుస నంబర్లతో పేర్లు పెట్టి ఇవ్వాలి. పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్‌లు వెనక్కి వస్తాయి.

డిసెంబర్: రిఫరెన్స్ డెస్క్ ఆన్‌లైన్‌లో

వాట్సాప్, ఈమెయిల్, వెబ్ ఫారం మూడూ ఒకే టికెట్ల జాబితాలోకి వస్తాయి. 'సార్, ఈ పేపర్ రావడం లేదండీ' అన్న ఒక్క వాక్యంతో ఏమీ చేయలేం. అందుకే ఫారంలో నాలుగు గడులు: డీఓఐ లేదా లింకు, కనిపించిన సందేశం స్క్రీన్‌షాట్, సమయం, ఏ నెట్‌వర్క్ మీద ఉన్నారు. సమయం ఉంటే లాగ్‌లో ఆ లాగిన్ దొరుకుతుంది, నెట్‌వర్క్ తెలిస్తే సగం కారణాలు అక్కడే తేలిపోతాయి.

చందాలో లేని వ్యాసానికి మా వరుస ఇది: ఉచిత వ్యాసాలు వెతికిపెట్టే అన్‌పేవాల్, ఉచిత జర్నళ్ల జాబితా డీఓఏజేలో ఉచిత ప్రతి, రచయిత విశ్వవిద్యాలయ రిపాజిటరీ, భారతీయ సిద్ధాంత గ్రంథమైతే శోధగంగ, పాఠ్యపుస్తకమైతే ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, అప్పటికీ లేకపోతే ఇంకో గ్రంథాలయాన్ని అడగడం. వెతికిన దారి కూడా జవాబులో రాస్తాం, మరోసారి విద్యార్థి తనే వెతుక్కుంటాడు.

చూపులేని విద్యార్థుల కోసం తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ, ఈస్పీక్ తెలుగు స్వరం రెండు కంప్యూటర్లలో పెట్టాం. ఓసీఆర్ కాని పీడీఎఫ్‌ను అది చదవలేదు. నవంబర్ పని వాళ్లకు కూడా అవసరమైన పనే.

జనవరి 2026: వాడకం లెక్కలు

ప్రచురణకర్తలు ఒకే ప్రమాణంలో ఇచ్చే 'కౌంటర్' వాడకం నివేదికలు సుషీ అనే ఆటోమేటిక్ పద్ధతి ద్వారా నెలనెలా దించుకుంటున్నాం. జర్నళ్లకు 'టీఆర్ జే1'. ఇందులో మొత్తం అభ్యర్థనలు కాకుండా, విడి వ్యాసాల అభ్యర్థనలు చూడాలి. కొన్ని సైట్లు ముందు హెచ్‌టీఎంఎల్ తెరిచి తర్వాత పీడీఎఫ్ ఇస్తాయి, మొత్తం లెక్కలో ఒకే వ్యాసం రెండుసార్లు పడుతుంది. 2025 జనవరి నుంచి 5.1 వెర్షన్ అమల్లోకి వచ్చింది, అంతకుముందు నివేదికలతో పోల్చేటప్పుడు ఏ వెర్షన్‌దో చూసుకోవాలి.

మాకు ఎక్కువ పనికొచ్చేది 'టీఆర్ జే2'. అడిగి, దొరక్క వెనుదిరిగినవాళ్ల లెక్క అందులో ఉంటుంది. లైసెన్సు లేక ఆగినవి ఒక వరుస, ఒకేసారి ఎక్కువమంది రావడంతో ఆగినవి ఇంకో వరుస. మొదటిది ఎక్కువైతే కొనాలా అని ఆలోచించాలి, రెండోది ఎక్కువైతే ఏకకాల వాడకందార్ల సంఖ్య పెంచమని అడగాలి. మనం చందా కట్టిన జర్నలే మొదటి వరుసలో కనిపిస్తే ఐపీ నమోదో, హక్కుల జాబితానో తప్పిందన్నమాట. సున్నా వాడకం ఉన్న జర్నల్‌ను తీసేసే ముందు కూడా ఇంటి ఫోన్ నుంచి లింకు నొక్కి చూడాలి. సున్నాకు కారణం ఆసక్తి లేకపోవడం కాక, లింకు విరగడం కావచ్చు.

మిగిలిన పని

ఉర్దూ 880 రికార్డులు, గుర్తులు రాలిన తెలుగు శీర్షికల గుంపు ఇంకా నడుస్తున్నాయి. కోహా అప్‌గ్రేడ్ తర్వాత జీబ్రా ఐసీయూ ఫైళ్లు పాతవాటితో మారిపోతాయేమో చూసుకోవాలి. అందుకు 40 మాటల పరీక్ష జాబితా తయారుగా ఉంది: తెలుఁగు/తెలుగు, చెఱువు/చెరువు, గ్రంథము/గ్రంధం, సాఫ్ట్‌వేర్ రెండు రూపాలు, ఇలా. ప్రతి జంటలో రెండు మాటలకూ ఒకే సంఖ్యలో ఫలితాలు రావాలి. తేడా వస్తే ఫైళ్లు తిరిగి పెట్టి సూచీ మళ్లీ కట్టాలి. షిబ్బొలెత్ సర్టిఫికెట్, ప్రాక్సీ వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ గడువు తేదీలు 45 రోజుల ముందు గుర్తుచేసేలా ఇద్దరి క్యాలెండర్లలో ఉన్నాయి.